యాభై పాయింట్లు

ఆ రోజు మాకు ఇరవై ఐదో రోజా మొదలవుతోంది. కెనడాలో మా చోటూకి అదే ఇరవై ఐదో రోజా ముగుస్తోంది. కర్నూల్లో మేం సహెరీకి లేచే టైమూ, బ్రాంప్టన్‌లో వాడు ఇఫ్తార్‌కి కూర్చునే టైమూ ఇంచుమించు ఒకటే. రంజాన్ నెలంతా ఆ వేళకే వీడియో కాల్. ఇక్కడ అమ్మీ ముందు ఖిచిడీ, అక్కడ వాడి ముందు పేపర్ ప్లేట్లో మూడు ఖజూర్లు. ఆ రోజు వాడు ఖజూర్ చేతిలో పట్టుకునే, "భాయ్, ఇవాళ్టి నుంచి తీసేశారు" అన్నాడు.

తీసేసింది జాబ్ ఆఫర్ పాయింట్లని. తెలియనివాళ్ల కోసం చెప్తాను. కెనడాలో పర్మనెంట్ రెసిడెన్సీకి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అని 2015 నుంచి ఒక పద్ధతి ఉంది. ఉమర్, తాలీమ్, ఇంగ్లీషు, నౌకరీ తజుర్బా అన్నీ కలిపి 1200కి మార్కులేస్తారు. డ్రా తీసినప్పుడు కటాఫ్ దాటినవాళ్లకే పిలుపు. పక్కా జాబ్ ఆఫర్ ఉంటే 50 పాయింట్లు, పెద్ద మేనేజర్ పోస్టయితే 200 అదనంగా వచ్చేవి. 2025 మార్చి 25 నుంచి అవి సున్నా.

వాణ్ణి పంపింది నేనే. 2021 ఫిబ్రవరిలో ఒక డ్రాలో కటాఫ్ 75కి పడిపోయింది. ఒక్కరోజే 27,332 మందిని పిలిచారు. ఆ అంకె చూసి నా కళ్లు చెదిరాయి. కోవిడ్‌తో సరిహద్దులు మూసుకుపోయి, అప్పటికే అక్కడున్నవాళ్లనే తీసుకుంటున్నారన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. అబ్బా మిషన్ కుట్టి కొన్న స్థలం అమ్మి, ఆ సెప్టెంబర్‌లోనే చోటూని రెండేళ్ల డిప్లొమాకి పంపాను. చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చింది. గోదాములో షిఫ్ట్ సూపర్‌వైజర్ నౌకరీ దొరికింది.

2024లో వాడి స్కోరు 479. ఆ ఏడాది ఆగస్టులో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "ఒకతను ఎల్ఎమ్ఐఏ ఇప్పిస్తానంటున్నాడు భాయ్. ముప్పై వేల డాలర్లు." అంటే పద్దెనిమిది లక్షలు. ఎల్ఎమ్ఐఏ అంటే, ఈ పనికి ఇక్కడి మనిషి దొరకలేదు, బయటి మనిషి కావాలి అని యజమాని సర్కారు నుంచి తెచ్చుకునే కాగితం. దాని ఫీజు వెయ్యి డాలర్లు. అది యజమానే కట్టాలి, కార్మికుడి దగ్గర వసూలు చేస్తే జుర్మ్. కానీ ఆ కాగితం యాభై పాయింట్లు తెస్తుంది కాబట్టి దానికి ఒక బజార్ పుట్టింది.

నేను సరేనన్నాను. అబద్ధం చెప్పను, జమీర్ పెద్దగా అడ్డం రాలేదు. అమ్మీ గాజులు బ్యాంకులో పెట్టి, మిగతాది ఖర్జు చేద్దామనుకున్నాను. గాజులు తీసిస్తూ అమ్మీ ఒకే మాట అడిగింది: "అక్కడ నౌకరీ ఉందా బేటా, కాగితమే ఉందా?"

కాగితమే అన్నాను. అమ్మీ గాజులు మళ్లీ చేతులకి వేసుకుంది. "రిష్వత్ మీద మొదలైన ఇల్లు నాకొద్దు. చోటూకి నేను చెప్తాలే." చెప్పింది కూడా. వాడు "జీ అమ్మీ" అన్నాడు, అంతే.

డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం జాబ్ ఆఫర్ పాయింట్లు తీసేస్తామని ప్రకటించింది. ఈ కాగితాల అమ్మకాలు ఆపడానికే అంది. అమ్మీ మాటే నెగ్గిందని షుకర్ చేశాం. కానీ తీసేసింది మార్చిలో. ఈ మధ్యలో, ఫిబ్రవరి 5న, కెనడాలో పని చేసినవాళ్ల డ్రా కటాఫ్ 521కి దిగింది. 479కి యాభై కలిపితే 529.

ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. చోటూ మాత్రం వేసుకోకుండా ఉంటాడా? వాడి రూమ్మేట్ ఒకడు కాగితం కొని ఆ డ్రాలోనే గట్టెక్కాడు. ఇంకొకడు కొన్నాడు గానీ మార్చి దాకా పిలుపు రాక పైసలూ పోయాయి, పాయింట్లూ పోయాయి. మూడోవాడికి మాత్రం యజమాని పైసా తీసుకోకుండా నిజంగానే ఇచ్చాడు. వాడి యాభై కూడా పోయాయి. దొంగని పట్టడానికి వీధిలో అందరి ఇళ్లకీ తాళం వేసినట్టయింది.

ఇప్పుడు దారి ఇంకా ఇరుకైంది. 2025లో ఐదు లక్షల మందిని తీసుకుంటామన్నవాళ్లు దాన్ని 3,95,000కి దించారు. 2026కి 3,80,000 అన్నారు. చోటూకి ముప్పై నిండాయి, ఉమర్ పాయింట్లలో ఐదు తగ్గాయి. రెండేళ్ల తజుర్బాకి పదమూడు పెరిగాయి. మొత్తం 487. వర్క్ పర్మిట్ ఈ జూన్ దాకానే.

ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి డ్రా వేరు. 2025 మార్చి 21న వాళ్ల కటాఫ్ 379. అందుకే వాడు నైట్ డ్యూటీ దిగి ఇషా చదివే టైము కూడా లేకుండా పడిపోయే మనిషి, పొద్దున లేచి ఫ్రెంచ్ క్లాసులో కూర్చుంటున్నాడు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింట్లోనూ ఏడో లెవల్ రావాలి. ప్రస్తుతం ఐదు దగ్గరున్నాడు.

పోయిన జుమ్మా రోజు అడిగాడు, "భాయ్, ఆ రోజు కొనుంటే నేనిప్పుడు..." సగంలోనే ఆపేశాడు. పక్కనే అమ్మీ తస్బీ తిప్పుతోంది. విన్నదని నాకు తెలుసు. కాల్ అయ్యాక చాలాసేపటికి, "వాడికి నా మీద గుస్సా ఉందా?" అంది.

లేదమ్మీ అన్నాను. నిజంగా లేదో ఉందో వాణ్ణి అడగాలి. అడిగేముందు నేనొక మాట ఒప్పుకోవాలి. వాడిచేత కాగితం కొనిపించబోయిందీ నేనే, 75 అన్న అంకె చూసి స్థలం అమ్మిందీ నేనే. అమ్మీ ఒక్కసారి వద్దంది, నేను రెండుసార్లు తొందరపడ్డాను. జూన్‌లో వాడు ఉత్త చేతులతో దిగినా స్టేషన్‌కి నేనే వెళ్తాను, ఈ మాట ముందు చెప్తాను.

మీ దువాల్లో వాణ్ణి యాద్ ఉంచుకోండి.