బండిల ఒగ్గు కథ

5 జనవరి 2024, శుక్రవారం

పొద్దుగాల ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు దించి, గేటు బయట పికప్‌ను ఓరకు పెట్టి చాయ తాగినం. బాపు నా పక్క సీట్ల ఉన్నడు. తమ్ముడు నిన్న పాత క్యాసెట్‌ను పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి ఇచ్చిండు. 1996ల ఐనవోలు జాతరల బాపు వాళ్ల మేళం చెప్పిన మల్లన్న కథ అది. 90 నిమిషాల క్యాసెట్. ఇరవై ఏండ్ల సంది బియ్యం డబ్బా మీద గుడ్డ సంచిల ఉన్నది.

బండి ఆగి ఉన్నప్పుడు మంచిగనే వినపడ్డది. స్టార్ట్ చేసి ములుగు రోడ్డు ఎక్కినమో లేదో మాట మాయమైంది. డోలు దెబ్బ ఒక్కటే దబ్బుదబ్బుమంటున్నది, తలుపు రేకు దానితోటి కలిసి అదురుతున్నది. బాపు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని ముందుకు వంగిండు.

"నా మాట యాడ పోయిందిరా?" అన్నడు.

పొద్దంతా ఆ మాటే నా తలకాయల తిరిగింది. బండికి సౌండు చేయించాలె. 12,000 దాటకుండ చేయించాలె. ఫిబ్రవరిల మేడారం కిరాయిలు మొదలైతయి, ఆ లోపల అయిపోవాలె.

8 జనవరి, సోమవారం

హన్మకొండల కారు డెకరేషన్ షాపు ఒకదానికి పోయిన. పిల్లగాడు మర్యాదగ కూసోబెట్టిండు. "అన్నా, సీటు ఎన్క బేస్ ట్యూబు పెడుదాం, ఆంప్లిఫయర్ పెడుదాం, బండి దద్దరిల్లాలె" అన్నడు. అన్నీ కలిపి 18,000. సినిమా పాట ఒకటి పెట్టి వినిపించిండు. నా ఛాతీ అదిరింది గని పాడేటోని మాట ఒక్కటి చెవికి ఎక్కలేదు. అతని తప్పేం లేదు, వచ్చేటోళ్లు ఎక్కువమంది అదే అడుగుతరట.

నాది సింగిల్ క్యాబిన్. సీటు ఎన్క నాలుగు వేళ్ల సందు గూడ లేదు. అయినా ఇంటికొస్తూ లెక్క వేసిన. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ రెండు చుట్లకు నాలుగు సార్లు పేలుతది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకు 80 సార్లు పేలినట్టు. అంటే ఇంజన్ మోత 80 హెర్ట్జ్ దగ్గర ఉంటది. ఊఫర్ మోగేది సరిగ్గ అక్కడనే. పైసలు పెట్టి ఊఫర్ తెస్తే అది నా ఇంజన్‌తోటి కొట్లాడుతది. మాట అక్కడ లేనే లేదు, అది ఇంకా పైన ఉంటది. ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకనే మోస్తది, అయినా దుబాయి నుంచి మాట్లాడినా మా మామ మాట ఒక్కటి పోయేది కాదు.

ఇంకో సంగతి గూడ ఉన్నది. నేను రోజూ ఎంజీఎం దవాఖాన ముందు నుంచి పోత. దవాఖాన చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్దం పాటించాలని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నయి. రూలు లేకపోయినా నేను పాటిస్త. లోపల పండుకున్నోళ్లల్ల మనోళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటరు.

16 జనవరి, మంగళవారం

ఐనవోలు పోయి వచ్చినం. మల్లన్న గుడి ముందు కాలు పెట్టే జాగ లేదు. ఎటు చూసినా బోనాలు, పసుపు బండారి, పట్నం ముగ్గులు. బాపుకు మోకాళ్ల నొప్పి, అయినా ఒక మేళం దగ్గర గంటసేపు నిలబడ్డడు. నేను గూడ ఈసారి మనసు పెట్టి విన్న, బండిల సౌండు గురించి ఆలోచిస్తున్న గద.

మైకు లేదు. కథ చెప్పేటాయన నోరు తెరిచినప్పుడు డోలు తగ్గుతది, తాళాలు సన్నగ నడుస్తయి. ఆయన మాట ఆపంగనే వంతపాట అందుకుంటది, డోలు ఎగిరి దుంకుతది. మళ్లీ మాట, మళ్లీ తగ్గుడు. అంత రద్దీల ఇరవై గజాల అవతల నిలబడ్డ ముసలవ్వ గూడ ప్రతి మాట పట్టుకొని తలకాయ ఊపుతున్నది. చుక్క సత్తయ్య ఒగ్గు కథ చెప్తే ఊరి చివర దాక వినపడేదని బాపు చిన్నప్పటి సంది చెప్తడు. ఆయనది మన జనగామ దిక్కు మాణిక్యపురం, 2017ల పోయిండు. "గొంతు పెద్దదని కాదురా, డోలును ఎప్పుడు ఆపాల్నో ఆయనకు తెల్సు" అన్నడు బాపు తిరుగు దారిల.

నా బండిల అదురుతున్న రేకులు ఎప్పుడూ ఆగని డోళ్లు. ముందుగాల వాటిని ఆపాలె.

21 జనవరి, ఆదివారం

ఎడమ తలుపు అట్ట విప్పిన. లోపల పాత నాలుగంగుళాల స్పీకరు, కాగితం చినిగి వేలాడుతున్నది. రేకును వేలితోటి కొడితే నూనె డబ్బా లెక్క మోగింది. అద్దం పూర్తిగ కిందికి దించి అప్పుడు లోతు కొలిచిన. పైకి ఉన్నప్పుడు కొలిస్తే మోసపోతం, స్పీకరు బిగించినంక అద్దం దిగదు. రెండున్నర అంగుళాల జాగ ఉన్నది. ఆరున్నర అంగుళాల స్పీకరు పడుతది, మందం చూసుకొని తేవాలె.

డెక్కు బయటికి గుంజితే ఇంకోటి తెలిసింది. పసుపు వైరు, ఎర్ర వైరు రెండూ కలిపి మెలేసి బ్యాటరీకి ఇచ్చిండ్రు, నాకన్నా ముందు బండి నడిపినోళ్లు ఎక్కడ చేయించిండ్రో ఏమో. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, టైము, స్టేషన్లు యాదికుంచుకునేటందుకు. ఎర్రది తాళంచెవితోటి ఆన్ కావాలె. రెండూ ఒకటైతే తాళం తీసినా డెక్కు మెలకువతోనే ఉంటది. పోయిన వానాకాలం జిన్నింగ్ మిల్లు దగ్గర రెండుసార్లు బ్యాటరీ దిగిపోయి బండి నెట్టుకున్న. మంచి బ్యాటరీని అన్నాళ్లు తిట్టుకున్న.

25 జనవరి, గురువారం

డెక్కుల పెట్టె మీద రాతలు చదివిన. "50 వాట్స్ ఇంటూ 4" అంటే 200 వాట్స్. దాని ఎన్క ఫ్యూజు మాత్రం 10 ఆంపులది. బండి నడుస్తున్నప్పుడు 14 వోల్టుల చిల్లర ఉంటది, పది ఆంపులు గుణిస్తే 144 వాట్స్. లోపలికి పోయేదే 144 అయితే బయటికి 200 ఎట్ల వస్తది? ఆర్‌ఎంఎస్ అని కింద చిన్నగ రాసిన అంకె అసలుది. ఈ డెక్కుకు ఒక్కో స్పీకరుకు 20 దాక వస్తది. బండి క్యాబిన్‌ల ఇద్దరు ముగ్గురు వినేటందుకు అది చాలు.

అందుకే ఆంప్లిఫయర్ వద్దు అనుకున్న. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. 89 డెసిబెల్స్ సెన్సిటివిటీ స్పీకరుకు బదులు 92ది కొంటే ఆ మూడు ఆంప్లిఫయర్ లేకుండనే వస్తయి. ఆ సంగతి ఎరిగి కొనుక్కునేటోళ్లు తక్కువ, అడిగితే షాపోళ్లు పెట్టె తిప్పి చూపిస్తరు.

లెక్క రాసుకున్న. డెక్కు 4,600, ముందు తలుపులకు స్పీకర్ల జత 2,800, రేకుకు అంటించే బ్యూటైల్ షీట్లు 1,600, రాగి వైరు, ఫ్యూజు హోల్డరు, ఫోము రింగులు 700, ఆటోనగర్‌ల ఎలక్ట్రీషియన్ కూలి 800. మొత్తం 10,500. మిగిలిన 1,500 క్యాసెట్ మీద పెడుత.

ఈ ఆలోచన రాత్రి నిద్ర పట్టక వచ్చింది. క్యాసెట్ల టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తది, వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ. అంత సన్నని పట్టీ మీద హెడ్డు ఇంత వంకర ఉన్నా పై స్వరాలు చచ్చిపోతయి, స-శ-చ అక్షరాలు మొద్దువారుతయి. తమ్ముడు ఎక్కించింది పాత వాక్‌మన్ లోంచి. మూలంల మాట లేకపోతే ఏ స్పీకరు తెస్తది?

30 జనవరి, మంగళవారం

స్టూడియో పనులు చేసే పాత మిత్రుడు క్యాసెట్ చూసిండు. లోపల ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయింది. వేరే ఖాళీ క్యాసెట్ డొల్లల రీలు మార్చిండు, హెడ్డును స్పిరిట్‌తోటి తుడిచిండు, చిన్న స్క్రూ తిప్పుకుంట హెడ్డు వంకర సరిజేసిండు. ఒక చోట తాళాల మోత తళుక్కున తేలింది. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. పైసలు తీసుకోలేదు.

4 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దంతా ఆటోనగర్‌ల. తలుపు లోపలి రేకుకు షీట్లు అంటించి రోలరుతోటి ఒత్తినం. వేలితోటి కొడితే ఇప్పుడు మొద్దు చప్పుడు, కట్టెను తట్టినట్టు. వాన నీళ్లు ఆపే ప్లాస్టిక్ కాగితం మళ్లీ జాగ్రత్తగ అంటించమని రెండుసార్లు చెప్పిన. ఎర్ర వైరు తాళంచెవి లైనుకు ఇచ్చినం. ఎర్తు వైరుకు పెయింట్ గీకి రేకుకే బోల్టు వేసినం.

మొదటిసారి పెట్టినప్పుడు గొంతు మధ్యల డొల్లగ, ఎటు నుంచి వస్తున్నదో తెలియకుండ ఉన్నది. చిన్న పెన్సిల్ సెల్లు తెచ్చి ఒక్కో స్పీకరు వైర్లకు తాకించిన. ఎడమది బయటికి ఉబ్బింది, కుడిది లోపలికి పోయింది. ప్లస్ మైనస్ మారింది. సరిజేసేసరికి మనిషి వచ్చి అద్దం ముందల కూసున్నట్టు అయింది. డెక్కుల 80 హెర్ట్జ్ కింద కోసేసిన, 2,000 దగ్గర రెండు మెట్లు లేపిన.

బాపుకు ఇంకా వినిపించలేదు. రోడ్డు మీదనే వినిపించాలె అనుకున్న.

14 ఫిబ్రవరి, బుధవారం

ఇయ్యాల మేడారంల మండమెలిగే పండుగ. జాతర వచ్చే బుధవారం, 21 నుంచి 24 దాక. బండి నిండ బెల్లం ముద్దలు, అమ్మవార్ల బంగారం. బాపును గూడ తీసుకపోయిన.

ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి బండెక్కినంక, ఇంజన్ నడుస్తుండంగనే పెట్టిన. ఆరవై మీద పోతున్నం. బాపు ఈసారి చెవికి చెయ్యి పెట్టుకోలేదు. సీటుకు ఒరిగి కండ్లు మూసుకున్నడు. కొంచెం సేపైనంక వేలు లేపిండు.

"గా తాళం ఇన్నవా? మా కొమ్రన్నది. ఎప్పుడూ ఒక్క దెబ్బ ఆలస్యం కొడుతడు. ఎన్నిసార్లు చెప్పినమో."

కొమ్రన్న పోయి తొమ్మిదేండ్లాయె. నేను ఆ మొదటి రోజు విన్నప్పుడు అసలు తాళాలే వినపడలేదు.

జంగాలపల్లి దాటినంక ఒక చోట ఎవరో దగ్గిండ్రు, వెనక చిన్న పిల్ల ఏడ్చింది, ఆమెను ఎవరో ఊకోబెట్టిండ్రు. బాపు గొంతు వంతపాట పట్టుకుంటది, పక్క సీట్ల బాపు పెదవులు కదులుతయి. రెండింటి నడుమ ఇరవై ఎనిమిదేండ్లు. పస్రా దగ్గర అడవి మొదలయ్యేసరికి మొదటి దిక్కు అయిపోయింది. టేపురికార్డరు బటన్ ఎగిరిన టక్కు చప్పుడు గూడ స్పష్టంగ వినపడ్డది.

బాపు కండ్లు తెరువకుండనే అన్నడు:

"రెండో దిక్కు పెట్టురా."