వెయ్యిన్నూట పదహార్లు

లైసెన్సు తీసుకుని పాతికేళ్లు దాటింది. అందులో మొదటి పదేళ్లూ నాకంటే బాగా కారు నడిపేవాడు మా హొసూరు వైపు లేడనుకున్నాను. 2011 జనవరిలో బేరికె దారిలో ఆ భ్రమ వదిలింది.

రాగి కోతల రోజులు. కోసిన పైరు రోడ్డు మీద పరిస్తే పోయే బండ్లే నూర్చిపెడతాయని మావైపు ఆనవాయితీ. నా ముందు బస్సు. సందు దొరికితే దాటేద్దామని దాని తోకపట్టుకుని పోతున్నాను. బస్సు ఆగింది. నేనూ బ్రేకు తొక్కాను. చక్రాల కింద రాగి పైరు. కారు ఆగలేదు, జారింది.

నాకు దెబ్బ తగలలేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. "పల్లెదారే కదా, బెల్టెందుకు" అన్నది నేనే.

మా శాఖలో లారీకి అప్పు తీసుకున్న పెద్దాయన ఒకరుండేవారు. ముప్పయ్యేళ్లు లారీ తోలిన మనిషి. సంగతి విని అడిగారు.

"బస్సుకీ నీకీ ఎంత ఎడం ఇడిస్తివి సారూ?"

"చాలినంతే."

"చాలినంత అంటే ఎంత? బ్యాంకు లెక్కలో అట్లే రాసుకుంటారా?"

నేను మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. "పెండ్లిలో చదివింపులు చదువుతారే, వెయ్యిన్నూట పదహార్లు అని! ముందు బండి ఒక రాయినో చెట్టునో దాటతానే నోట్లో అది రెండుసార్లు అనుకో. నిదానంగా అను. రెండోది ముగిసేలోగా నువ్వు ఆ రాయి కాడికి చేరితే దగ్గరుండావని లెక్క. వాన పడితే నాలుగుసార్లు."

ఇంటికొచ్చి గడియారం పెట్టి చూసుకున్నాను. రెండుసార్లకీ కలిపి రెండు సెకన్లు దాటింది. డ్రైవింగు పుస్తకాలు చెప్పే కనీసపు ఎడం కూడా రెండు సెకన్లే. కామర్సు చదివినవాణ్ణి, లెక్క వేయకుండా ఉండలేను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ముందు ప్రమాదం కంటపడి, మనసుకెక్కి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి. బ్రేకు పడకముందే 33 మీటర్లు అయిపోయాయి! ఆపైన వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలు.

అప్పు ఇచ్చేటప్పుడు మేం మార్జిన్ పెడతాం. లక్ష విలువున్న సరుకు మీద లక్షా ఇవ్వం. తీసుకునేవాడు దొంగని కాదు; ధర పడిపోవచ్చు, వాన రాకపోవచ్చు. పాతికేళ్లకు పైగా ఆ కాగితాల మీద సంతకాలు పెట్టినవాణ్ణి, రోడ్డు మీద మాత్రం మార్జిన్ లేకుండా నడిచాను.

ఎడం వదిలితే మధ్యలో ఇంకొకడు దూరతాడు కదా అంటారు. దూరతాడు. కృష్ణగిరి పోయేలోపల ఇరవైమంది దూరారనుకుందాం. ప్రతివాడికీ యాక్సిలరేటరు మీద కాలు తీసి మళ్లీ ఎడం చేసుకుంటే పోయేది మనిషికి రెండు సెకన్లు. మొత్తం నలభై సెకన్లు. శూలగిరిలో టీ ఆరేలోపల అంతకంటే ఎక్కువ పోతుంది. వెనక నుంచి అంటుకొచ్చేవాడి సంగతి మాత్రం నాకు ఆలస్యంగా అర్థమైంది. వాడి మీద కోపంతో వేగం పెంచేవాణ్ణి. ఇప్పుడు ముందు ఎడం ఇంకా పెంచుతాను. అప్పుడు నేను మెల్లగా బ్రేకు వేయగలను, వాడికీ ఆగే వ్యవధి దొరుకుతుంది. వాడి మార్జిన్ కూడా నేనే కట్టాలన్నమాట. ఇది న్యాయం కాదు. కానీ నా వీపుకు న్యాయంతో పనిలేదు.

రాత్రిపూట పదహార్ల లెక్క కూడా చాలదు. దీపాల్లేకుండా రోడ్డు వారన నిలిపిన లారీని ముందు బండి చివరి క్షణంలో తప్పించుకుని పోతే, అది మన ఎదుటే ఉంటుంది. మన వెలుతురు పడే మేరలో ఆగగలిగిన వేగమే పోవాలి. నాకిది ఇప్పటికీ పూర్తిగా చేతకాదు.

మా ఆవిడ మణికట్టు అతుక్కుంది గాని తడిబట్ట పిండలేదు. ఒక్కరోజూ నన్ను ఏమీ అనలేదు. ఇప్పుడు కారెక్కగానే బెల్టు పెట్టుకుంటుంది. ముందు లారీ మైలురాయి దాటగానే, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నాకు వినపడేలా చదువుతుంది. "వెయ్యిన్నూట పదహార్లు. వెయ్యిన్నూట..." ఆమె గొంతు ఆగిందంటే నేను కాలు తీస్తాను.