వర్ని సీమలో చెరకురసపు పరమాన్నము

మంజీరానదికి కట్టిన నిజాంసాగరు కాలువ నీటితో తడియు పొలముల నడుమ వర్ని గ్రామము కలదు. ఆ జలాశయపు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. నీరు వచ్చిన పిదప కృష్ణా గోదావరీ తీరములనుండి రైతుకుటుంబములు తరలివచ్చి ఈ చుట్టుపట్ల స్థిరపడినవి; వారి పల్లెలను నేటికిని క్యాంపులనియే పిలుతురు. అందుచేత ఇచట రెండు సీమల వంటలు ఒకే వీధిలో ఘుమఘుమలాడుచుండును. మావారి బడిపని నిమిత్తమై వచ్చిన నాకు ఊరి దారులకంటె ముందు ఊరి పొయ్యిలే పరిచయమైనవి.

వినాయకచవితినాడు ఒక యింటివారు పాలతాలికలు పంపిరి. పొరుగింటి అవ్వ పాశము తెచ్చియిచ్చినది. పాశమన్న మాట వినగానే యముని చేతిది తలపునకు వచ్చి నవ్వుకొంటిని గాని, అది పాయసమునకు తెలంగాణపు రూపమే. పయస్సనగా పాలు, పాలతో నయినది పాయసము. అయినను అవ్వ పాశమున పాలకంటె బెల్లమునకే పెద్దపీట.

సోదరీమణులారా, చీనాదేశపు స్త్రీలును ఇట్టివే వండుదురు. జిగురుబియ్యపు పిండితో ఉండలు చేసి, లోపల నల్లనువ్వుల పొడియు చక్కెరయు కూరి, నీట ఉడికించి, ఆ వేడినీటితోనే గిన్నెలలో పోసి, వారి సంవత్సరాదినుండి తొలి పున్నమనాడు దీపోత్సవవేళ ఆరగింతురు. వాని పేరు తాంగ్‌యువాన్. కాంటన్ ప్రాంతమువారు పెసలు, తామరగింజలు మొదలగువానితో కాచు తీపి ద్రవములనెల్ల తాంగ్‌సుయ్ అందురు, చక్కెరనీరని అర్థము. మన ఉండ్రాళ్ల పాయసమునకు అది దూరపు చుట్టమే యనుకొందును.

ఈ సీమలో నాకు మిక్కిలి నచ్చినది మాత్రము సంక్రాంతికి చేయు చెరకురసపు పరమాన్నము. ఒక సోలెడు క్రొత్తబియ్యమును ముందుగా నీట సగము ఉడికింపవలెను. తీపిలో నేరుగా వేసిన బియ్యము ఎంతసేపటికిని మెత్తబడదు. వేరొక గిన్నెలో ఐదారు సోలల రసము కాచి, పైకి తేలు మడ్డిని తీసివేసి, వడగట్టి, బియ్యమున పోసి సన్నని సెగపై దగ్గరకు రానీయవలెను. కడపట నేయి, ఏలకిపొడి, కొబ్బరిముక్కలు. పాలు పోయగోరువారు దింపి చల్లారిన పిమ్మటనే పోయుడు. వేడిమీద పోసినచో విరిగిపోవును. "బిడ్డా, రసం పొద్దెక్కితే పులుస్తది, జల్ది పొయ్యి మీద పెట్టు" అని అవ్వ నన్ను తొందరపెట్టెను.

ఆమె కాపురమునకు వచ్చిన దినములలో రసము కొనువారే లేరట. బోధనులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారమునకు ఈ పొలముల చెరకు బండ్లకొలది పోవుచుండెను. త్రోవలో అడిగిన పిల్లలకెల్ల గడలు దొరకెడివి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కొనువాడు లేని పైరు నెవడు వేయును? చెరకు మళ్లు చాలవరకు వరిమళ్లయినవి. బియ్యమునకు కొదువ లేదు గాని పరమాన్నమునకు రసమే కరవైనది. క్రొత్త కోడండ్రు చక్కెరయు పాలును పోసి సేమ్యా కాచుచున్నారు. తప్పుపట్టను, సులువైన పని. అయినను ఆ మట్టివాసనతో కూడిన తీపి చక్కెరకెక్కడిది?

మొన్నటి సంక్రాంతికి అవ్వ నన్ను వెంటబెట్టుకొని బాటప్రక్కనున్న రసపు బండికడకు బిందె పట్టుకొని పోయినది. అట్లు కొనువారు బండివానితో మంచుగడ్డయు, నిమ్మకాయయు, అల్లమును వేయవలదని ముందుగనే చెప్పవలెను.