గేటు దగ్గర మనిషి

మాది బదిలీల కాపురం. బిలాస్‌పూర్ మా అయిదో ఊరు. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ఇదే ముఖ్య కేంద్రం. బుధవారీ బజారులో కూరలు కొంటుంటే మన శ్రీకాకుళం యాస కూడా వినిపిస్తుంది. అయినా కొత్త ఊరు కొత్త ఊరే. గేటుకు తాళం వేసి ఎక్కడికి వెళ్లినా మనసు ఇంటి దగ్గరే ఉండిపోయేది.

కిందటి వేసవి సెలవులకు ముందు ఓ కెమెరా బిగించాం. దాని యాప్ ఏది కదిలినా ఫోన్ మోగించేది. జామకొమ్మ ఊగినా, ఆవు వచ్చినా, బండి లైటు గోడ మీద పడినా అదే గంట. రెండో రోజుకే విసుగొచ్చి గంట ఆపేశాం. ఇక కెమెరా ఉన్నా లేనట్టే!

అప్పుడు మా ఆరో తరగతి అమ్మాయితో కలిసి హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ చూశాం. 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ పని అది. అంటే దాని ప్రోగ్రామ్‌ను ఎవరైనా చదవొచ్చు, మెరుగుపరచొచ్చు. దానికి జోడించుకునే యాడ్-ఆన్‌లలో ఒకటి ఫ్రిగేట్. ముందు దృశ్యంలో కదలిక ఎక్కడుందో చూస్తుంది. తర్వాత ఆ భాగంలో ఉన్నది మనిషా, ఆవా, కారా అని పోల్చుకుంటుంది. ఈ పనంతా మన ఇంటి కంప్యూటర్‌లోనే జరుగుతుంది. గేటు చుట్టూ హద్దు గీసి, ఇక్కడికి మనిషి వస్తేనే చెప్పమనొచ్చు. అలాగే చేశాం. జామకొమ్మ గొడవ వదిలింది.

సెలవులకు కోర్బా–విశాఖ రైలెక్కి విజయనగరం వెళ్లాం. మూడో రాత్రి 2 గంటలకు ఫోన్ మోగింది: మనిషి. చూస్తే గేటు దగ్గర ఒకడు, భుజాన సంచి, చేతిలో టార్చి. తాళం మీద వెలుగు వేసి, కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత ఒకసారి రాత్రి 11కి, ఇంకోసారి తెల్లవారుజామున 4కి వచ్చాడు. తేదీలు, వేళలు కాగితం మీద పట్టిక వేశాం. ఒక వరుస లేదు. వేళాపాళా లేకుండా వస్తున్నాడంటే దొంగే అని తేల్చేసుకున్నాం.

ఎదురింటి పిన్నిగారికి ఫోన్ చేసి, "పోలీసులకి చెప్పమంటారా?" అని అడిగాం.

ఆవిడ నవ్వేసింది. "అయ్యో, మా వోడేనమ్మా! గూడ్సు బండి మీద అసిస్టెంట్ లోకో పైలట్ గదా, డ్యూటీ దిగినప్పుడే ఇంటికొస్తాడు. మీరు ఊరెళ్లారు, వచ్చేటప్పుడు తాళం ఓసారి చూడరా అని నేనే చెప్పేను."

మాకు నోట మాట రాలేదు. ఏడు నెలలుగా ఎదురింట్లో ఉన్న ఆ అబ్బాయితో మేము ఒక్కసారీ మాట్లాడలేదు. అతని ముఖం కూడా సరిగా తెలియదు. పట్టికలో వరుస లేకపోవడానికి కారణం రైల్వే డ్యూటీ. యంత్రం తప్పు చెప్పలేదు. వ్యాకరణంలో చెప్పాలంటే దానికి తెలిసింది జాతివాచకం ఒక్కటే. పేరు తెలుసుకోవలసింది మేము. ఎలాగూ బదిలీ అవుతుంది, పరిచయాలెందుకులే అని ఊరూరా ఆ పనే మానేశాం.

తిరిగొచ్చాక మామిడి తాండ్ర పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. జరిగింది దాచకుండా చెప్పాం. అతను నవ్వి, "ఈసారి కెమెరాకి చెయ్యి ఊపుతాలెండి" అన్నాడు. వీధిలో పోయేవాళ్లందరినీ అడగకుండానే వీడియో తీస్తున్నామని అప్పుడు తోచింది. మా గేటు మాత్రమే కనిపించేలా కెమెరా తిప్పేశాం.

పిల్లలూ, మీరూ మాలాగే ఊళ్లు మారేవాళ్లు. కొత్త క్వార్టర్‌కి కెమెరా పెట్టుకోండి, తప్పులేదు. ఆ పాత పట్టికలను విడదీసి చూడటం నేర్చుకోండి, అదీ మంచిదే. కానీ సామాను దించిన రోజే ఎదురింటి తలుపు తట్టి, వాళ్ల పేర్లు అడగండి. మీ పేరూ చెప్పండి.