ఇబ్రహీంబాగులో ఒక పూట

గోల్కొండ కోటకు చేరువలో, రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల ఉద్యానాన్ని మేము విద్యార్థులతో కలిసి దర్శించాము. అందరి చూపులూ గుమ్మటాలపై నిలువగా, మా మనస్సు బడీ బావులీ మెట్లపై నిలిచినది. 2013 వర్షాలకు కొంత కూలిన ఆ దిగుడుబావిని ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, పురావస్తుశాఖ కలిసి పూడిక తీసి, రాయి రాయి పేర్చి నిలబెట్టినవి. గోల్కొండ దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించినది. ఆ బావులలో నిలిచే వాననీరే నేడు తోటకు ప్రాణాధారము.

ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి ఉన్నది ఇక్కడే. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొన్న ప్రభువు ఈయన. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఈయనకే అంకితమిచ్చినాడు. ఈ మాట చెప్పగానే ఒక విద్యార్థి, "అయితే సార్, తెలుగు కూడా మనదేనన్నమాట!" అన్నాడు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు నేర్చి పెరిగిన ఆ బిడ్డ మనస్సులో ఈ సందేహం ఎన్నాళ్ల నుండి ఉన్నదో!

విద్యార్థి మిత్రులారా! పూడిక తీసినవారికే బావిలో నీరు దక్కినది. మన రెండు భాషల విషయమూ అంతే. ఆ గోడలపై మన పేర్లు చెక్కవద్దు. ఆ కవుల పేర్లు చదివి గుర్తుంచుకొందాము.