ఊగుతోందా, వణుకుతోందా?

బండి ఇంకా సందు మొదట్లోనే ఉంది. షెడ్డు ముందు బోర్లించిన డబ్బా మీద కూర్చున్న పెద్దాయన మాత్రం అప్పటికే తల వంచి, కళ్లను చక్రాల ఎత్తుకు దించి చూస్తున్నారు. నడిపే మనిషి ముఖంతో ఆయనకు పని లేదు. ముందు చక్రం ఎలా దొర్లుతోంది? వెనక చక్రం దాని జాడలోనే వస్తోందా, పక్కకు తప్పుతోందా? గుంతలో పడి లేచాక హ్యాండిలు ఎన్నిసార్లు అదిరి ఆగింది? ఆయన చూసేది అదే. ఖరగ్‌పూర్‌కు ఈ చూపు కొత్తేమీ కాదు. స్టేషన్లోకి రైలు వస్తున్నప్పుడు క్యారేజి, వ్యాగన్ విభాగం సిబ్బంది పట్టాల పక్కన గొంతుక్కూర్చుని చేసే పని ఇదే. రోలింగ్-ఇన్ పరీక్ష అంటారు దాన్ని. ఆగిన బండి దాచే లోపాన్ని కదిలే బండి బయటపెడుతుంది.

ఖరిదాలో మోటారుసైకిళ్ల షెడ్లకు పేరుప్రఖ్యాతులేమీ లేవు. గోల్‌బజార్ లాంటి పెద్ద బజారు సందడి ముందు ఇదో ఇరుకు పేట. బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా ఒకే వాక్యంలో సర్దుకుపోయే చోటు. ‘ఏటి బాబూ’ అని మొదలైన మాట ‘ఠీక్ ఆఛే’ అని ముగిసినా ఎవరూ వింతగా చూడరు. ఇంతమంది తెలుగువాళ్లు ఇక్కడికెలా వచ్చారన్న ప్రశ్నకు జవాబు రైలు పట్టాల్లోనే ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో వాల్తేరు-కటక్ మార్గాన్ని తనలో కలుపుకుంది. అప్పట్నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలకూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ ఒకే యజమాని. పొలం లేనివాడు, ఉన్నా పంట దక్కనివాడు రైలెక్కి ఇక్కడ దిగాడు. ఫిట్టరయ్యాడు, ఖలాసీ అయ్యాడు. తొలగించిన కార్మికుల కోసం 1928లో ఈ రైల్వేలో జరిగిన సమ్మెకు నాయకుడూ తెలుగువాడే. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి.

ఊరి గొప్పల్లో కొన్ని చేజారాయి. ప్రపంచంలోనే పొడవైనదిగా పిల్లలు బళ్లో చదువుకున్న 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని 2013లో గోరఖ్‌పూర్ దాటేసింది. ఆ గోరఖ్‌పూర్‌ను 2023లో హుబ్బళ్ళి దాటింది. 2001 నుంచి కొంతకాలం ఇక్కడ టికెట్లు తనిఖీ చేసిన మహేంద్రసింగ్ ధోనీ పేరు మాత్రం ఇంకా చెల్లుతూనే ఉంది. ఆయనకు మోటారుసైకిళ్లంటే ఎంత పిచ్చో ఖరిదా కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం సందులోకి వచ్చిన బండి కూడా అలాంటి కుర్రాడిదే. పాతికేళ్లుంటాయి. తాత వర్క్‌షాపులో పనిచేశాడు, తండ్రిదీ రైల్వేనే. తనకు ఆ యోగం పట్టలేదు, ప్రైవేటు కొలువు. వారంలో శ్రీకాకుళం జిల్లాలోని సొంతూళ్లో అమ్మవారి సంబరం. రైలు మార్గాన సుమారు 650 కిలోమీటర్లు. బండి మీద వెళ్లాలన్నది కోరిక. 16వ నంబరు జాతీయ రహదారి బాలేశ్వర్, భద్రక్, కటక్, బరంపురం మీదుగా ఇచ్ఛాపురంలో ఆంధ్రాలోకి దింపుతుంది. రోడ్డు మంచిదే. భయం బండితోనే.

“అరవై దాటితే ఊగిపోతంది మావా. మరో చోట కోన్ సెట్ మార్పించాను. అయినా తగ్గలేదు.”

పెద్దాయన పానా ముట్టుకోలేదు. “ఊగుతందా, వణుకుతందా?” అని అడిగారు.

కుర్రాడు తెల్లబోయాడు. తేడా ఏమిటన్నట్టు చూశాడు. నిజానికి రోగ నిర్ధారణంతా ఆ రెండు క్రియాపదాల మధ్యే ఉంది. బ్రిటన్‌కు చెందిన రాబిన్ షార్ప్ 1971లో మోటారుసైకిల్ స్థిరత్వం మీద రాసిన ప్రసిద్ధ పత్రంలో విడదీసి చూపిందీ ఇదే. హ్యాండిలు మాత్రమే సెకనుకు ఆరు నుంచి తొమ్మిది సార్లు అటూ ఇటూ కొట్టుకుంటే అది వణుకు. బండి మొత్తం, వెనక భాగంతో సహా, సెకనుకు రెండు మూడు సార్లు పాములా మెలికలు తిరిగితే అది ఊగు. మొదటిదానికి చాలావరకు టైరు, రిమ్ము, కోన్ సెట్ వైపు చూడాలి. రెండోదానికి వెనక చక్రం, స్వింగార్మ్, సామాను బరువు వైపు. రెంటినీ ‘వోబ్లింగ్’ అనే ఒక్క గోనెసంచిలో వేసి మూతికట్టినందువల్లే ఊళ్లో సగం బళ్లకు అక్కర్లేని కోన్ సెట్లు పడుతున్నాయి.

తర్వాతి ప్రశ్నలూ అదే వరసలో సాగాయి. వేగం పెరిగేటప్పుడా, తగ్గేటప్పుడా? చేతులు పట్టుకున్నప్పుడా, వదిలేసినప్పుడా? వెనకాల మనిషి ఉన్నప్పుడా, లేనప్పుడా? దీనికి ముందు ఏ పని చేయించావు, ఎక్కడైనా పడ్డావా? కుర్రాడు జ్ఞాపకం తెచ్చుకుని చెప్పిన జవాబుల్లో రెండు వేర్వేరు కథలు బయటపడ్డాయి. ఒంటరిగా వెళ్తూ యాక్సిలరేటరు వదిలి, చేతులు తేలిగ్గా ఉంచితే అరవై నుంచి యాభైకి దిగే మధ్యలో హ్యాండిలు టకటకా కొట్టుకుంటోంది. స్నేహితుణ్ని ఎక్కించుకుని ఎనభై తాకితే మాత్రం బండి మొత్తం తేలిపోయినట్టవుతోంది. కుర్రాడికి ఒకే జబ్బుగా తోచింది నిజానికి రెండు.

రైలు మనుషులకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రైలు చక్రం అంచు చదునుగా ఉండదు, లోపలి నుంచి బయటకు 20కి 1 వాలుతో శంకువులా ఉంటుంది. ఇరుసు పక్కకు జరిగితే ఆ వాలే దాన్ని మళ్లీ మధ్యకు తెస్తుంది. కానీ మధ్యలో ఆగదు, అటు దాటిపోతుంది. మళ్లీ ఇటు. ఈ పాము నడకకు క్లింగెల్ అనే జర్మన్ ఇంజినీరు 1883లోనే లెక్క కట్టాడు. ఇంజినీర్లు దాన్ని హంటింగ్ అంటారు. మోటారుసైకిల్ ముందు చక్రం కథా ఇలాంటిదే. హ్యాండిలు తిరిగే గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు దానికి కాస్త వెనక పడుతుంది. ఆ వెనకపాటే చక్రాన్ని తిన్నగా ఉంచుతుంది. ఆస్పత్రి ట్రాలీ చక్రం తోసినవైపు తనంతట తాను తిరగడం ఇందువల్లే. అదే చక్రం వేగంగా తోస్తే పిచ్చిగా కొట్టుకోవడమూ ఇందువల్లే. నిలబెట్టే గుణమే అదుపు తప్పితే వణికించే గుణమవుతుంది. అందుకే వణుకును పూర్తిగా తీసేయడమంటూ ఉండదు. దాన్ని అదుపులో ఉంచే బిగువులు ఎక్కడ సడలాయో వెతకాలి, అంతే.

వెతకడం గాలితో మొదలైంది. తర్వాత టైరు. పెద్దాయన అరచేతిని టైరు మీద ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిమిరారు. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపపు పళ్లలా తగిలింది. అక్కడక్కడా చిన్న గుంటలు. కంటికి సగం ఆయువున్న టైరే, చేతికి మాత్రం పనికిరానిది. ఆ తర్వాత సెంటర్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపారు. చక్రం పైనా కిందా పట్టి ఊపితే బేరింగుల్లో ఆట లేదు. ఫోర్కుకు ఒక పుల్ల కట్టి, దాని మొన రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో ఉంచి చక్రం తిప్పితే వంకర కనబడుతుంది. సాధారణంగా రెండు మిల్లీమీటర్లు దాటితే చువ్వలు సరిచేయాలి. ఇక్కడ అంత లేదు. చువ్వల మీద సన్నని పానాతో ఒక్కొక్కటిగా తట్టారు. బిగువైన చువ్వ మోగుతుంది, వదులైంది మూగగా ఉంటుంది. సుత్తితో రైలు చక్రాన్ని తట్టి, మోతలో బీట జాడ వినే విద్యకు ఇది బుల్లి వారసత్వం.

కోన్ సెట్ దగ్గర ఆయన చేతులు ఆగాయి. మంచి కోన్ సెట్ ఉన్న హ్యాండిలును మధ్య నుంచి వేలితో తాకి వదిలితే తన బరువుకే ఒక పక్కకు వాలాలి. ఇది వాలలేదు, తోసినచోటే నిలబడింది. పాతబడిన కోన్ సెట్టయితే తిన్నగా ఉన్న చోట గాడిలో పడ్డట్టు టక్కున తగులుకుంటుంది. ఏళ్ల తరబడి గుంతల దెబ్బలన్నీ అవే గుండ్ల మీద, అదే చోట పడి గిన్నెలో గుంటలు చేస్తాయి కనుక. కానీ ఇది కొత్తది, గుంటలు లేవు. వణుకు ఆగాలని అవసరానికి మించి బిగించేశారు. బిగువెక్కువైతే చిన్న వేగంలో బండి తిన్నగా పోదు, తాగినవాడిలా నడుస్తుంది. జ్వరం తగ్గలేదని థర్మామీటరును నొక్కిపట్టిన వైద్యం. దాన్ని సడలించి, ఫోర్కు కింది కొసలు పట్టి ముందుకూ వెనక్కూ లాగి చూశారు. ఆట లేదు. హ్యాండిలు వదిలితే ఈసారి వాలింది.

ఇక వెనక్కి. చాలా షెడ్లలో ఎవరూ వెళ్లని దిక్కు అదే. ముందు వణుకుతుంటే వెనక చూడటమేమిటని బండి యజమాని విసుక్కుంటాడు కూడా. పెద్దాయన వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టి పక్కకు తోశారు. ఆడింది. చక్రం బేరింగా, స్వింగార్మా? రెండోచేత్తో స్వింగార్మ్ మొదలు పట్టుకుని మళ్లీ తోశారు. వేళ్ల కింద సన్నగా కదిలింది. బుష్ అరిగిపోయింది. పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదది. తర్వాత నూలు తాడు తెప్పించి వెనక టైరు పక్కల మీదుగా ముందు టైరు దాకా రెండువైపులా లాగి పట్టించారు. చెయిన్ బిగించేచోట రెండు పక్కల గీతలూ సమానంగానే ఉన్నా చక్రం కాస్త పక్కకు చూస్తోంది. గీతలను నమ్మకు, తాడును నమ్ము అన్నది ఆయన లెక్క.

కోన్ సెట్ డబ్బు దండగేనా అన్న కుర్రాడి ప్రశ్నకు జవాబు రాలేదు.

రోడ్డు మీద ఇదంతా చిన్న విషయమేమీ కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొంటే అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. వీటిలో ఎన్ని వణుకుతో మొదలయ్యాయో నిందితుల జాబితాకు ఎక్కదు. పడ్డ బండిలో వంగిన ఫోర్కు ముందు వంగిందా, పడి వంగిందా అని విడదీసే ఓపిక ఎవరికుంటుంది? వణుకు మొదలైతే భయంతో హ్యాండిలును బిగబట్టడం, ముందు బ్రేకు గట్టిగా నొక్కడం రెండూ ప్రమాదమే. మోకాళ్లతో ట్యాంకును పట్టి, చేతులు తేలిగ్గా ఉంచి, యాక్సిలరేటరును మెల్లగా తగ్గించుకోవాలి. ఈ మాట కుర్రాడి చేత రెండుసార్లు చెప్పించారు పెద్దాయన, పద్యం అప్పజెప్పించినట్టు.

ఆయన తండ్రి వర్క్‌షాపు మనిషి. ఈయన ఆ గేటు లోపల ఉద్యోగం చేయలేదు. అయినా సాయంత్రాలు ఇంట్లో వినిపించిన మాటలన్నీ చక్రాలు, బేరింగులు, వేడి, మోత. అలా చేరిన విద్య ఇది. దాని ఊట పలచబడుతోంది. 2003లో వాల్తేరు డివిజన్ కొత్తగా ఏర్పడ్డ తూర్పు కోస్తా రైల్వేకు వెళ్లిపోయింది. వందేళ్లుగా ఉత్తరాంధ్ర పల్లెలనూ ఖరగ్‌పూర్‌నూ కలిపిన ఒకే యాజమాన్యం అక్కడితో తెగింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఇక్కడివాళ్లు సంతోషించారు. కానీ షెడ్డులో పని నేర్చుకునే ఇద్దరు పిల్లలూ హిందీలోనే వింటారు. ‘ఊగుతందా, వణుకుతందా’ అన్న ప్రశ్నను వాళ్లకు చెప్పాలంటే పెద్దాయన చేతులు గాల్లో ఆడించి చూపించాల్సివస్తోంది. ఊరికి అవతల, 1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీలో ఇదే విషయానికి సమీకరణాలున్నాయి. ఆ సమీకరణాలకూ ఈ సందుకూ మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లే.

మూడోనాడు బుష్ పడింది, టైరు మారింది, వెనక చక్రం తాడుకు ఒదిగింది. కుర్రాడు మలంచా రోడ్డు వైపు వెళ్లి వచ్చాడు. వణుకు పోయిందన్నాడు. చేతులు వదిలితే ఇంకా కాస్త ఉందన్నాడు.

“ఒదలకు మరి,” అన్నారు పెద్దాయన.

అప్పుడే ఆయన చూపు క్యారియరు మీదికి మళ్లింది. వెనక యాక్సిల్‌కు అవతలగా ఒక ఇనప చట్రం కొత్తగా వెల్డింగ్ చేసి ఉంది. ఎందుకంటే, అమ్మవారికి చీరలు, ఇంటికి ఇత్తడి బిందె, మిఠాయి పెట్టె, అన్నీ కలిపి పాతిక కిలోలు. అంత బరువు అంత వెనక కూర్చుంటే ముందు చక్రం తేలికవుతుంది, ఇంతా చేసి సరిచేసిన ఊగు మళ్లీ మొదటికొస్తుంది. పెద్దాయన పానా తీసి చట్రం నట్లు విప్పడం మొదలెట్టారు.

“అమ్మని మెయిలెక్కించు. సామాన్లు ఆమెతో రైల్లో ఎల్తాయి. నువ్వు ఒట్టి సేతుల్తో బండి మీద రా.”