కిరాయి టైర్లు

సంబంధం చూడ్డానికి పోయినప్పుడు మన పెద్దోళ్లు అడిగే మాట ఒకటుంది. "ఐబ్ ఏదన్నా ఉంటే ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే బాగుండదు" అంటారు. తిజారత్‌లోనూ అదే ఉసూల్. మాల్‌లో నుక్స్ ఉంటే కొనేవాడికి చూపించి అమ్మాలి. దాచి అమ్మితే ఆ కమాయీలో బర్కత్ ఉండదు. ఇది ఆలిమ్‌లకే కాదు, సంతలో గొర్రెపిల్లను అమ్మే మా కణేకల్ సాయిబులకు కూడా తెలిసిన సంగతే. బండి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ ఉసూల్ ఎటో పోతుంది. ఎఫ్‌సీ కోసం బండిని మైదానంలో నిలబెట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించే రోజున ఐబ్‌ను దాచడమే పెద్ద హునర్ అయిపోయింది.

మా బడే అబ్బా కొడుకు, అంటే నాకు భాయ్, టాటా ఏస్ నడుపుతాడు. 2005లో ఈ బండి మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి దాన్ని అందరూ చోటా హాథీ అనే పిలుస్తున్నారు. భాయ్‌ది 2009 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. చెరువు కింది వడ్లు, మెట్ట మీది సెనక్కాయలు, రాయదుర్గం నుంచి సిమెంటు, వలీమా ఉంటే దేగ్‌లు, బక్రీద్ ముందు పొట్టేళ్లు అన్నీ మోస్తుంది. ఆ ఇంట్లో ఆరుగురి రిజ్క్ దాని నాలుగు చక్రాల మీదే నడుస్తోంది.

ఖానూన్ ఏం చెబుతుందో ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని ట్రాన్స్‌పోర్ట్ బండి అసలు రిజిస్టర్ అయినట్టే కాదు. కొత్త బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించాలి. 15 ఏళ్లు దాటిన లైట్ మోటారు ట్రాన్స్‌పోర్ట్ బండికి రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 7,500 రూపాయలు చేశారు. పోయేముందు తాజా ఫీజు ఎంతో ఒకసారి కనుక్కోండి, ఇవి మారుతూ ఉంటాయి. ఇంట్లో వాడుకునే కారుకు, బైకుకు ఏటా ఈ ఝంఝట్ లేదు. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు మాత్రం చూపించాలి. అది ఐదేళ్లకు ఇస్తారు.

ఈసారి ఎఫ్‌సీకి నెల ముందే భాయ్ బండిని మేస్త్రీ దగ్గర పెట్టాడు. నేను ఊళ్లోనే ఉన్నాను కాబట్టి వెంట పోయాను. అఖ్బార్‌లో పనిచేసేవాడికి ఎక్కడికి పోయినా సవాళ్లు అడగడం ఆదత్. మేస్త్రీ కూడా ఓపికున్న మనిషి. పాత బండి ఎక్కడెక్కడ ఫెయిలవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

మొదటిది లైట్లు. ఎక్కువ బండ్లు వెనక్కి తిరిగొచ్చేది వీటికే అన్నాడు. భాయ్ బండికి ఒక హెడ్‌లైటు రోడ్డును చూస్తుంటే ఇంకోటి వేపచెట్టు కొమ్మల్ని చూస్తోంది. గుంతల్లో ఎగిరెగిరి దాని బిగింపులు లూజయ్యాయి. ఎదురుగా వచ్చే బైకువాడి కళ్లల్లోకి నేరుగా కొట్టేది అదే. వెనక బ్రేక్ లైటు ఒకటి వెలగడం లేదు. బల్బు బాగానే ఉంది, ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు పట్టింది. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే వెలిగింది. పది రూపాయల పని. ఆ పది రూపాయల పని చేయకపోతే వెనక వచ్చేవాడికి ముందు బండి ఆగుతోందన్న సంగతి తెలీదు.

రెండోది బ్రేకులు. ఎక్కువమంది పెడల్ నొక్కితే బండి ఆగుతుందా లేదా అనే చూస్తారు. తిన్నగా ఆగుతుందా అన్నది అసలు సవాల్. వెనక ఒక వీల్ సిలిండర్ కారుతుంటే ఆయిల్ లైనర్ మీద పడి ఆ చక్రం పట్టదు, బండి ఒక పక్కకు గుంజుతుంది. భాయ్ బండి ఎడమకు గుంజుతోంది. "రోడ్డు వాలు అనుకున్నాను రే" అన్నాడు భాయ్. మేస్త్రీ నవ్వాడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, ఏళ్ల తరబడి మార్చకపోతే వేడెక్కినప్పుడు పెడల్ మెత్తబడి లోపలికి పోతుందనీ అప్పుడే విన్నాను. హ్యాండ్ బ్రేకు సంగతి చెప్పనే అక్కర్లేదు. మన డ్రైవర్లు చక్రం కింద రాయి పెట్టడానికి అలవాటు పడి దాన్ని మరిచేపోయారు. ఇన్‌స్పెక్టర్ మరవడు.

మూడోది స్టీరింగ్. ఇంజన్ ఆపి స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా కదిపి చూడాలట. చక్రం కదలకుండా చేతిలో స్టీరింగ్ చాలాదూరం తిరుగుతోందంటే టై రాడ్ ఎండ్లు అరిగాయనో, స్టీరింగ్ బాక్సులో ఆట ఎక్కువైందనో అర్థం.

నాలుగోది తుప్పు. మనది కరువు సీమ, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానకు ఇనుము ఏం తుప్పు పడుతుందిలే అనుకుంటాం. మేస్త్రీ బండి కిందికి టార్చి కొట్టి చూపించాడు. యూరియా సంచుల నుంచి రాలిన ఎరువు, పొట్టేళ్ల మూత్రం, రెండూ కలిసి బాడీ కింది పట్టీలను తినేశాయి. చాసిస్ మీద పెచ్చులు లేచిన చోట సుత్తితో కొడితే ఖణేల్‌మనాలి. ధబ్‌మంటే లోపల ఖాళీ అయినట్టు. అల్హమ్దులిల్లాహ్, చాసిస్ గట్టిగానే ఉంది. పట్టీలకు మాత్రం వెల్డింగ్ పడింది.

ఐదోది పొగ. హగరి వడ్డున ఇసుక దిబ్బలున్న ఇలాకా మనది. గాలికాలంలో ఇసుక రోడ్ల మీదికి కూడా వచ్చేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజనుకు గాలి చాలదు, డీజిల్ పూర్తిగా కాలదు, నల్ల పొగ వస్తుంది. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు, దానికి ఖర్చా పెద్దది. భాయ్‌ది నల్ల పొగే. ఫిల్టర్ మార్చి, నాజిల్ చూపిస్తే తగ్గింది.

ఇక చిల్లర నుక్స్‌లు. ఎండకు కర్రలా బిగుసుకుపోయిన వైపర్ రబ్బరు. వానే పడని ఊళ్లో వైపర్ ఎందుకని దాని మీద లతీఫాలు చెప్పుకుంటాం. పడిన ఆ నాలుగు రోజుల వానలో అద్దం మీద దుమ్మంతా బురదైపోయి ఏమీ కనపడదు. పనిచేయని స్పీడోమీటర్, పగిలిన సైడ్ మిర్రర్, ఊడిపోయిన రేడియం స్టిక్కర్లు కూడా ఈ జాబితాలోవే. ముందు అద్దం మీద సఫర్ దువా స్టిక్కర్ సగం దాకా ఉంది. అది చూపుకు అడ్డమని మేస్త్రీ మొహమాటంగా చెప్పాడు. భాయ్ తనే నెమ్మదిగా తడిపి తీసి, క్యాబిన్ లోపల పైన అదబ్‌గా అంటించాడు. "దువా దిల్‌లో ఉండాల, నజర్‌కు అడ్డం కాదు" అన్నాడు.

చివరిది టైర్లు. కథంతా వాటితోనే వచ్చింది.

నాలుగు చక్రాల బండి టైరుకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడి లోపల అక్కడక్కడా చిన్న గట్లు ఉంటాయి, టైరు అరిగి ఆ గట్ల మట్టానికి వచ్చిందంటే దాని ఉమర్ అయిపోయినట్టే. భాయ్ బండికి రెండు టైర్లు ఆ గట్లు దాటి నున్నగా అయిపోయాయి. మిగతా రెండింటికి గాడి ఉంది గానీ పక్కన చర్మం చెరువు మట్టిలా నెర్రెలిచ్చింది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైంది. మన ఎండలకు గాడి అరగకుండానే రబ్బరు ముసలిదైపోతుంది. అలాంటిది లోడు మీద, మే నెల మధ్యాహ్నం పగిలిందంటే బండి చేతిలో ఉండదు.

నాలుగు టైర్లకు పదమూడు వేలు అన్నారు. ఫీజు, వెల్డింగ్, బ్రేకులు అన్నీ కలిపితే భాయ్ కూతురి ఇంటర్ ఫీజుకు తీసిపెట్టిన రఖమ్ మొత్తం పోతుంది. అప్పుడే ఒక ఏజెంటు చల్లని సలహా ఇచ్చాడు. ఎఫ్‌సీ రోజుకు మంచి టైర్లు కిరాయికి దొరుకుతాయట. పొద్దున బిగించుకుని పోవడం, సంతకం కాగానే విప్పి ఇచ్చేయడం. "అందరూ చేసేదే అన్నా, ఒక్క పూట తమాషా" అన్నాడు.

భాయ్ వెంటనే నక్కో అనలేదు. మజ్బూరీలో ఉన్న మనిషి వెంటనే అనలేడు. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర లెక్కలు వేసుకుంటూ ఆ మాట బయటపెట్టాడు. బడీ అమ్మీ చదువుకున్న మనిషి కాదు. రొట్టె తుంచుతూ అడిగింది. "ఆ టైర్లు తిరిగిచ్చినాక మరుసటి రోజు బండిలో కూర్చునేది ఎవరు బేటా?"

ఎవరూ మాట్లాడలేదు. మరుసటి రోజు కూర్చునేది భాయే. పక్కన పదహారేళ్ల వాడి కొడుకు. సామాను బండిలో మనుషుల్ని ఎక్కించడం ఖానూన్ ఒప్పదు. అయినా మన పల్లెల్లో కూలికి పోయే ఆడోళ్లు చెయ్యెత్తితే ఆపని బండి ఎక్కడుంది? 2024 నవంబర్‌లో గార్లదిన్నె మండలం తలగాసిపల్లె దగ్గర ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొని కూలికి పోయిన మనుషులు ఇంటికి తిరిగి రాలేదు. అది బండి కండిషన్ వల్ల జరిగిందని నేను అనడం లేదు. కూలికి పోయేవాళ్ల ప్రాణాలు ఎంత పల్చటి రేకు వెనక కూర్చుని ప్రయాణం చేస్తాయో చెబుతున్నాను, అంతే.

ఒంటెను కట్టి, ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ మన పిల్లలకు మక్తబ్‌లోనే నేర్పిస్తాం. ఈ కాలంలో ఒంటెను కట్టే తాడు బ్రేక్ లైనరే, టైరు గాడే. తాడు కిరాయికి తెచ్చి, ఒకరు చూస్తున్నంతసేపు కట్టి, వాళ్లు పోగానే విప్పేస్తే దాన్ని తవక్కుల్ అనరు. ఇన్‌స్పెక్టర్‌ను ధోఖా చేయొచ్చు. మలుపు దగ్గర రోడ్డును ధోఖా చేయలేం.

భాయ్ రెండు రోజులు ఆలోచించి టైర్లు కొన్నాడు. బడీ అమ్మీ చేతి గాజు ఒకటి బ్యాంకుకు పోయింది. కాలేజీ ఫీజు రెండు విడతలుగా కడతామని ప్రిన్సిపాల్‌ను అడిగితే ఒప్పుకున్నారు. ఇవన్నీ రాయడం ఎందుకంటే, నిజాయితీకి ఖర్చా ఉండదని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఉంటుంది. ఇళ్లల్లో ఎవరో ఒకరు దాన్ని మోస్తారు.

ఇంత చేసినా మొదటిసారి పాస్ కాలేదు. హ్యాండ్ బ్రేకు వాలులో పట్టలేదు, కేబుల్ సాగింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద రాసిచ్చి, సరిచేసి తెమ్మన్నాడు. భాయ్ ముఖం చిన్నబోయింది. వచ్చేదారిలో తనే అన్నాడు, "ఆ మనిషి నా బండి వాలులో జారుతుందని చెప్పినాడు గదా రే, నాకు మేలే చేసినాడు." కేబుల్ మార్చి మళ్లీ చూపిస్తే ఎఫ్‌సీ వచ్చింది.

ఇప్పుడు కొన్నిచోట్ల మనిషి బదులు మిషన్లే పరీక్షించే స్టేషన్లు వస్తున్నాయి. 2021 నుంచి కేంద్రం వాటికి రూల్స్ పెట్టింది. రోలర్ల మీద చక్రాలు తిప్పి ఏ చక్రం ఎంత పడుతోందో అంకెల్లో చూపిస్తాయి. మిషన్‌కు మొహమాటం లేదు, చాయ్ తాగదు. మిషన్ చూసినా, మనిషి చూసినా, ఏడాదిలో మిగిలిన 364 రోజులూ బండిని చూసుకోవాల్సింది మనమే. జుమా రోజు గుస్ల్ చేసి తయారయ్యే ముందు పది నిమిషాలు బండి చుట్టూ తిరగండి. లైట్లు వేసి ఇంట్లో పిల్లల్ని వెనక నిలబెట్టి చూడమనండి. టైరు గాడిలో వేలు పెట్టండి. బండి కింద నేల మీద ఆయిల్ మరక ఉందేమో చూడండి. బండి ఎక్కినవాళ్లు దిగేదాకా మన దగ్గర అమానత్.

భాయ్ పాత టైర్లు నాలుగూ ఇంటి ముందు పడి ఉంటే, గాడి ఉన్న ఆ రెండింటినీ వెయ్యి రూపాయలకు అడుగుతూ ఒకాయన వచ్చాడు. తన బండికి ఎఫ్‌సీ ఉందట. భాయ్‌కు ఆ వెయ్యి అప్పుడు చిన్న రఖమ్ కాదు. లోపలికి పోయి కత్తి తెచ్చి, నెర్రెలున్న చోట టైరును నిలువునా కోసి ఆయన చేతికిచ్చి చూపించాడు. లోపలి దారాలు పొడిపొడిగా రాలాయి. ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మిగిలిన టైర్లను అడ్డంగా కోసి దొడ్లో పెట్టాడు భాయ్. ఇప్పుడు వాటిలో మేకలు నీళ్లు తాగుతున్నాయి.